నీచు వాసన ఎక్కడుంది? – కోనసీమ భోజనం మీద ధమ్మం చూపు





బయటూరివాళ్ళు ఎవరైనా "మీదే ఊరండీ?" అని అడిగితే మీరు అమలాపురమనో, రాజోలనో, కొత్తపేటనో చెబుతారు. వెంటనే వాళ్ళు ఏమంటారు? "ఓహో, కోనసీమా! పూతరేకులు, పులస, పనసపొట్టు కూర!" అంటారు. మీరూ నవ్వి "ఆయ్" అంటారు. అప్పుడు మీ మనసులో ఒక ప్రశ్న ఎప్పుడైనా కదిలిందా? ఈ మూడింటిలో మా పేటలో, మా అమ్మమ్మ పొయ్యి మీద ఉడికింది ఏది? కోనసీమ తిండి అంటే ఇదే అయితే, మేం తిన్నది ఏ సీమ తిండి?

ధమ్మం చెప్పే పుస్తకంలో తిండి గొడవ ఎందుకు అనుకోకండి. కొత్తగా చేరిన శ్రామణేరుణ్ణి అడిగే పది ప్రశ్నల్లో మొదటిది "ఒకటి అంటే ఏమిటి?" అన్నది. దానికి దేవుడని గానీ ఆత్మ అని గానీ బౌద్ధం జవాబు చెప్పలేదు. ప్రాణులన్నీ ఆహారం మీదే నిలబడి ఉన్నాయన్నదే ఆ జవాబు. ధమ్మంలో మొదటి పాఠమే అన్నం గురించి. అందుకని మనమూ అక్కడినుంచే మొదలుపెడదాం.

పేరు మోసిన వంటలు

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన ప్రాంతానికి పేరొస్తే మనకూ సంతోషమే. కానీ ఆ రేకు ఎలా పుడుతుందో ఒకసారి చూడండి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. దాని ముందు ఒక ఆడమనిషి. బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, కాలే కుండ మీద అలా పరిచి తీస్తే కాగితం కన్నా పల్చటి రేకు లేస్తుంది. పగలల్లా ఆ పొగలో, ఆ వేడిలో కూర్చోవాలి. భౌగోళిక గుర్తింపు చట్టం పూతరేకు పేరును కాపాడుతుంది. రేకు తీసిన చేతికి ఎంత కూలి రావాలో అది చెప్పదు.

పులస సంగతీ అంతే. వరద నీరొచ్చే రోజుల్లో సముద్రం నుంచి గోదావరికి ఎదురీదుకుంటూ వచ్చే చేప అది. "పుస్తెలు అమ్మైనా పులస తినాలి" అన్న సామెత మనందరికీ తెలుసు. ఇప్పుడు ఒక్క చేప వేలల్లో పలుకుతోంది. వల వేసి పట్టిన జాలరి దాన్ని వేలంలో అమ్ముకుంటాడు, తన ఇంట్లో మాత్రం మామూలు జెల్లలే వండుకుంటాడు. ఆ సామెతను కూడా ఒకసారి నిదానంగా ఆలోచించండి. అమ్మాల్సిన పుస్తెలు ఇల్లాలివి. ముందు కూర్చుని తినేది మాత్రం ఇంటి మగవాళ్ళు.

కొబ్బరి లేని కోనసీమ బొమ్మ ఎక్కడైనా చూశారా? లేదు. అయితే ఆ బొమ్మలో చెట్టెక్కే దింపు కార్మికుడు కనిపిస్తాడా? గునపం మీద కాయ గుచ్చి పీచు తీసే ఒలుపు కార్మికుడు కనిపిస్తాడా? వాళ్ళు చాలామంది మన పేటలవాళ్ళే. మన అన్నలు, తమ్ముళ్ళు, మావయ్యలు. పంట కోనసీమది, వంట కోనసీమది, ఆ పని చేసిన మనిషి మాత్రం ఆ బొమ్మలో లేడు.

లెక్కలోకి రాని వంటలు

ఇప్పుడు రెండో జాబితా రాద్దాం. ఇది ఏ మిఠాయి కొట్టు బోర్డు మీదా ఉండదు.

తెల్లారితే చద్దన్నంలో గంజి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. చోడి అంబలి. ఊడ్పుల రోజుల్లో పొలంలో ఏరుకొచ్చిన నత్తలు. గట్ల వెంట కన్నాల్లో చెయ్యి పెట్టి పట్టిన ఎండ్రకాయలు. పంటబోదెలో మాటేసి పట్టిన పరిగెలు, ఇంగిలాయిలు, మట్టగిడసలు. వానాకాలానికని దాచుకున్న ఎండు మెత్తళ్ళు, సావిడాయలు. చింతచిగురులో మెత్తళ్ళు, గోంగూరలో ఎండురొయ్యలు. గట్టు మీద కోసుకొచ్చిన పొన్నగంటి కూర, గంగపాయల కూర. దొరికిన రోజున పెద్దకూర, మిగిలింది ఉప్పూ పసుపూ రాసి దండెం మీద ఎండేసిన వరుగులు.

ఈ వంటల్లో ఎంత తెలివి ఉందో చూడండి. ఏ నెలలో ఏ బోదెలో ఏ చేప ఎక్కుతుందో మన నాయనమ్మలకు తెలుసు. పెట్టుబడి లేకుండా పిల్లల ఒంటికి బలం ఎలా పట్టించాలో తెలుసు. భూమి లేనివాళ్ళకు ఆ బోదే భూమి, ఆ గట్టే దొడ్డి. పురుగుమందులు పెరిగి, పంటపొలాలు చేపల చెరువులు, రొయ్యల చెరువులుగా మారాక ఆ నత్తా పోయింది, ఆ పరిగే పోయింది. పులస తగ్గిపోతోందని పత్రికల్లో ఏటా రాస్తారు. నత్త పోయిందని ఎవరు రాశారు? పోయింది మన కంచంలోంచి కాబట్టి అది వార్త కాలేదు.

ఏది కోనసీమ?

ప్రాంతం పేరు మీద వాదన వచ్చినప్పుడల్లా ఆ పేరు ఎవరిదన్న ప్రశ్న కూడా దాని వెనకే వస్తుంది. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. మే నెలలో ఆ పేరుకు బాబాసాహెబ్ పేరు చేర్చుతూ ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. మే 24న అమలాపురం ఎలా మండిందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. "కోనసీమ అన్న పేరే మా సంస్కృతి, మా ఉనికి" అన్నది అప్పుడు గట్టిగా వినిపించిన వాదన.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కోనసీమ అన్న మాటను ఎవరూ తీసెయ్యలేదు. పూర్తి పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా. కోనసీమ ఉన్నచోటే ఉంది, దాని పక్కన ఇంకో పేరు వచ్చి కూర్చుంది. గొడవంతా ఆ పక్కన కూర్చోవడం గురించే. పెళ్ళి భోజనాల్లో మొదటి బంతిలో మన తాత పక్కన కూర్చుంటే జరిగిన గొడవా అదే.

తెలంగాణ ఉద్యమంలోనూ తిండి మాట్లాడింది. జొన్నరొట్టె, సర్వపిండి, సకినాలు తమవని గర్వంగా చెప్పుకున్నారు. రోడ్ల మీద పొయ్యిలు పెట్టి 'వంటా వార్పు' పేరుతో నిరసన తెలిపారు. అది న్యాయమైన ఆత్మగౌరవమే. కానీ 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత, బహుజన విద్యార్థులు పెద్దకూర పండగ చేస్తే గొడవలయ్యాయి. ఆ పిల్లలు అడిగింది ఒక్కటే: తెలంగాణ తిండి అంటున్నారే, అందులో మా కూర ఉందా? ప్రాంతం తన పళ్ళేన్ని చూపించి గౌరవం అడుగుతుంది. అదే ప్రాంతం తన లోపలి పళ్ళేల్లో కొన్నిటిని దాచేస్తుంది. ఇది ఒక్క కోనసీమ జబ్బు కాదు.

మరి మనం ఏమనాలి? "మాదే అసలు కోనసీమ, మీది కాదు" అనాలా? మామిడికుదురు మండలం ఆదుర్రులో, వైనతేయ దగ్గర, బౌద్ధ స్తూపం శిథిలాలు ఉన్నాయి. అక్కడ స్తూపం కట్టారంటే ఒకప్పుడు ఈ లంకల్లో భిక్షువులు పాత్రలు పట్టుకుని ఇంటింటికీ నడిచారనే కదా. ఆ మాట చెప్పుకోవడానికి మనకు హక్కుంది. కానీ "మేమే ముందు" అని పోటీకి దిగితే, మనల్ని బయట కూర్చోబెట్టినవాళ్ళ లెక్కనే మనమూ ఒప్పుకున్నట్టవుతుంది. ముందు వచ్చినవాడికే పీట అన్న నియమం ధమ్మంలో లేదు.

నీచు అన్న మాట

మన భాషలో చేపకూ మాంసానికీ ఒక మాట ఉంది: నీచు. "ఇవాళ శనివారం, నీచు ముట్టం" అంటారు. "ఈ గిన్నె నీచు వాసనొస్తోంది" అంటారు. అదే భాషలో నీచం అంటే తక్కువతనం, నీచుడు అంటే తక్కువవాడు. రెండు మాటలూ పుట్టింది ఒకచోటేనా కాదా అన్నది పండితులు తేల్చుకోనివ్వండి. వినే చెవికి మాత్రం రెండూ ఒకేలా వినిపిస్తాయి. అమలాపురంలో అద్దె ఇంటికి వెళ్ళిన మన పిల్లలకు అది బాగా తెలుసు. "మీరు నీచు తింటారా?" అని అడుగుతారు. అడిగేది కూర గురించి, తెలుసుకోవాలనుకునేది కులం గురించి.

ఈ ప్రశ్నే బుద్ధుడి ముందుకూ వచ్చింది. సుత్తనిపాతంలో ఆమగంధ సుత్తం అని ఒకటి ఉంది. ఆమగంధం అంటే పచ్చిమాంసపు కంపు. మన మాటలో చెప్పాలంటే నీచు వాసన, అంతే. మాంసం తినేవాడికి నీచు వాసన అంటదా అని ఒక బ్రాహ్మణుడు అడుగుతాడు. పూర్వపు బుద్ధుడైన కస్సపుడు దానికి ఇచ్చిన జవాబును ఆ సుత్తం చెబుతుంది. దాని సారం ఇది: ప్రాణం తీయడం, కొట్టడం, నరకడం, కట్టెయ్యడం, దొంగతనం, అబద్ధం, మోసం, చాడీలు, స్నేహితుడికి ద్రోహం చెయ్యడం, జాలి లేకపోవడం, గర్వం, ఎవరికీ ఏమీ పెట్టకపోవడం. నీచు వాసన వచ్చేది వీటినుంచి. మాంసం తినడం నుంచి కాదు. మాంసం మానినా, ఉపవాసాలు ఉన్నా, జడలు పెంచినా, గుండు చేయించుకున్నా, లోపల మురికి పోనివాడు శుద్ధి కాడని కూడా ఆ సుత్తం చెబుతుంది.

ఆ జాబితాలో 'కొట్టడం, కట్టెయ్యడం' అని ఉంది చూశారా? 2016 ఆగస్టులో మన అమలాపురం దగ్గర ఏం జరిగింది? కరెంటు షాక్ కొట్టి చచ్చిపోయిన ఆవు చర్మం తీస్తున్న ఇద్దరు దళితులను, ఆవును చంపారని నింద వేసి, చెట్టుకు కట్టి కొట్టారు. గుజరాత్‌లో ఊనా ఘటన జరిగి అప్పటికి నెల రోజులే. చచ్చిన పశువును తీసెయ్యమని ఊరు పిలిస్తే వెళ్ళే మనిషి, ఆ పని చేసినందుకే దెబ్బలు తిన్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో 1977 నుంచి గోవధ నిషేధ చట్టం ఉంది. చట్టాన్ని మనం పాటిస్తాం. కానీ మనుషుల్ని చెట్టుకు కట్టి కొట్టే అధికారం ఏ చట్టమూ ఏ గుంపుకూ ఇవ్వలేదు. ఆ రోజు అక్కడ నీచు వాసన దేనినుంచి వచ్చింది? చచ్చిన ఆవు నుంచా, కట్టిన తాడు నుంచా? ఆమగంధ సుత్తం తెలిసినవాళ్ళకు జవాబు కోసం వెతుక్కోనక్కర్లేదు.

సిగ్గా, గర్వమా?

ఇక్కడిదాకా విని చాలామంది తలూపుతారు. అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. దీక్ష తీసుకున్నాక మన తిండిని మనం ఎలా చూసుకోవాలి? మన విహారాల్లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. కొందరు "మనం బౌద్ధులం, మాంసం మానెయ్యాలి, పెద్దకూర తినేవాళ్ళను చూస్తే జనం మనల్ని తక్కువగా చూస్తారు" అంటారు. ఇంకొందరు "పెద్దకూరే మన గుర్తింపు, అది తినకపోతే మనవాడే కాడు" అంటారు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఇద్దరి మాటల్లోనూ ఒక గోతి ఉంది.

బాబాసాహెబ్ ఏం చేశారో చూద్దాం. 1927లో మహద్‌లో చవదార్ చెరువు పోరాటం నాడు ఆయన మనవాళ్ళకు ఒక మాట చెప్పారు. చచ్చిన పశువు మాంసం తినడం మానండి, ఇతరుల ఇళ్ళ ముందు ఎంగిలి కూటికి చెయ్యి చాచడం మానండి అన్నారు. ఇరవై ఏళ్ళు దాటాక, 1948లో 'అస్పృశ్యులు ఎవరు?' అన్న పుస్తకంలో మన తిండి వెనక ఉన్న చరిత్రను తవ్వారు. మన పూర్వీకులు బౌద్ధులని, బౌద్ధంతో పోరులో బ్రాహ్మణులు గొడ్డుమాంసం మానేసి ఆవును పవిత్రం చేశారని, పేదరికంలో చచ్చిన పశువు మాంసం తింటూ ఉండిపోయిన వాళ్ళను సుమారు క్రీ.శ. 400 నాటికి అంటరానివాళ్ళను చేశారని ఆయన వాదన.

ఒకచోట మానమన్నారు, ఇంకోచోట అది తిన్నందుకు మన తప్పేమీ లేదని నిరూపించారు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు. మానమన్నది ఎవరో పారేసిన దాన్ని, బతిమాలి తెచ్చుకునే దాన్ని. తలదించుకుని తినే కూడు అది. నిరూపించింది మన చరిత్రను. ఆయన కొలబద్ద ఆత్మగౌరవం. ఆ కొలబద్దతో చూస్తే ఒకడు మాంసం తిన్నా బౌద్ధుడే, మానినా బౌద్ధుడే. భయపడి మానడం, ఎదుటివాణ్ణి రెచ్చగొట్టడానికి తినడం, ఈ రెండిటిలోనూ పళ్ళెం మనది, తీర్పు మాత్రం ఎదుటివాడిది.

ఈ తకరారు మనకొక్కరికే కాదు. అమెరికాలో నల్లజాతివారు బానిసత్వపు రోజుల్లో దొరలు వద్దనుకున్న ముక్కల్ని, ఆకుకూరల్ని వండుకుని బతికారు. 1960ల్లో ఆ వంటలే 'సోల్ ఫుడ్' అన్న పేరుతో వాళ్ళ గర్వమయ్యాయి. అదే కాలంలో ఎలైజా ముహమ్మద్ లాంటి నాయకులు "ఇది బానిసలకు వేసిన తిండి, వదిలెయ్యండి" అన్నారు. ఒకే పళ్ళెం ఒకరికి జెండా, ఇంకొకరికి సంకెల. మన పేటల్లోనూ ఇప్పుడు నడుస్తున్నది ఆ మాటే.

ధమ్మం ఇక్కడ ఒక హెచ్చరిక చేస్తుంది. ఉపాదానం, అంటే గట్టిగా పట్టుకు వేలాడటం, నాలుగు రకాలని చెబుతారు. అందులో ఒకటి శీలవ్రతాలను పట్టుకోవడం: ఫలానాది తింటే శుద్ధి, ఫలానాది ముడితే మైల అనే పట్టు. ఇంకొకటి 'నేను', 'నాది' అన్న వాదాన్ని పట్టుకోవడం. అగ్రహారం మడి మొదటి రకం. "నా తిండే నేను" అన్న మాట రెండో రకం. మనం మొదటిదాన్ని వదిలించుకుని రెండోదాంట్లో చిక్కుకోకూడదు. పెద్దకూర తినే హక్కు కోసం నిలబడదాం, అది సమానత్వం కోసం చేసే పోరాటం. పెద్దకూరే నా ఆత్మ అనుకోవద్దు, ఎందుకంటే అలాంటి మారని ఆత్మ ఏదీ లేదని కదా బుద్ధుడు చెప్పింది.

మాంసం సంగతి సూటిగా అడిగేవాళ్ళకు ఇది చెప్పండి. భిక్షువులు జీవితాంతం చేపా మాంసం ముట్టకూడదని నియమం పెట్టమని దేవదత్తుడు పట్టుబట్టాడు. బుద్ధుడు ఒప్పుకోలేదు. తన కోసం చంపినట్టు చూడని, వినని, అనుమానం లేని మాంసాన్ని భిక్షువు తీసుకోవచ్చని వైద్యుడు జీవకుడికి చెప్పాడు. మనం దీక్షలో తీసుకునే 22 ప్రతిజ్ఞల్లో మాంసం మానాలన్న మాట లేదు. ప్రాణుల పట్ల కరుణ ఉండాలన్న మాట ఉంది. మద్యం తాగనన్న మాట ఉంది. అవసరం కోసం చంపడానికీ, చంపాలన్న కోరికతో చంపడానికీ తేడా ఉందని బాబాసాహెబ్ 'బుద్ధుడు–ఆయన ధమ్మం'లో వివరించారు. అందుకని పండగ పేరు చెప్పి గొప్పకోసం కోళ్ళను కత్తులు కట్టి బరిలో దింపే ఆట మనది కాదు. సంక్రాంతికి కోనసీమంతా ఆడినా మనది కాదు. ఒక ప్రాంతపు ఆచారం అయినంత మాత్రాన ఏదీ మంచిదైపోదు. మన పేట ఆచారమైనా అంతే.

భిక్షాపాత్రలో కలిసిన అన్నం

బుద్ధుడు తిండి గురించి చేసిన పెద్ద పని ఏది తినాలో చెప్పడం కాదు. ఎవరి చేతి అన్నం ఎవరు తినాలన్న కట్టును తెంచడం.

భిక్షకు వెళ్ళే భిక్షువు వరసలో ఏ ఇంటినీ దాటకూడదు. ఇది ధనవంతుడి ఇల్లు, రుచిగా ఉంటుందని ఆగకూడదు. ఇది తక్కువ కులం ఇల్లని తప్పుకోకూడదు. పెట్టిందంతా ఒకే పాత్రలో కలిసిపోతుంది. ఏ ముద్ద ఎవరింటిదో ఇక ఎవరూ విడదీయలేరు. బుద్ధుడు కపిలవస్తులో పాత్ర పట్టుకుని తిరుగుతుంటే తండ్రి శుద్ధోదనుడు మన వంశంలో ఎవరూ ఇలా అడుక్కోలేదని బాధపడ్డాడు. అది మీ రాజవంశం మాట, నాది బుద్ధుల వంశం అన్నట్టుగా బుద్ధుడు బదులిచ్చాడు. తిండితో ముడిపడ్డ వంశగౌరవాన్ని ఆయన తన సొంత ఊళ్ళోనే, కన్నతండ్రి ముందే వదులుకున్నాడు.

ఆయన చివరి భోజనం పెట్టింది చుందుడు, ఒక కమ్మరి. ఆ వంట పంది మాంసమా, పుట్టగొడుగులా అని ఇప్పటికీ వాదించుకుంటారు. బుద్ధుడికి ఆ చింత లేదు. తాను పోయాక జనం చుందుణ్ణి నిందిస్తారేమోనన్నదే ఆయన చింత. సంబోధికి ముందు తిన్న భోజనమెంత గొప్పదో ఇదీ అంతే గొప్పదని చుందుడికి చెప్పమని ఆనందుణ్ణి పురమాయించాడు. వంట ఏదైనా వండినవాడి మనసు నొచ్చుకోకూడదన్నాడు.

మన కోనసీమలోనే అన్నానికి పేరుపొందిన తల్లి ఉంది. లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు. 1909లో కన్నుమూసిన ఆవిడ, వరదల్లోనూ వానల్లోనూ ఆకలితో వచ్చినవాళ్ళకు కులం చూడకుండా పెట్టిందని చెప్పుకుంటారు. గన్నవరం అక్విడెక్టుకు ఆవిడ పేరుంది. 2024లో బడి మధ్యాహ్న భోజన పథకానికీ ఆవిడ పేరు పెట్టారు. దానాన్ని బుద్ధుడు మెచ్చుకున్నాడు, మనమూ ఆ తల్లికి చేతులెత్తుదాం. అయితే ఒక తేడా మరవద్దు. దానంలో పెట్టే చెయ్యి పైన, పట్టే చెయ్యి కింద ఉంటుంది. బాబాసాహెబ్ అడిగింది దానం కాదు, పక్కన చోటు. బడిలో పిల్లలందరూ ఒకే వరసలో కూర్చుని, ఒకే గిన్నెలోంచి వడ్డించిన అన్నం తినడం అలాంటి చోటు. అది ఎవరి దయా కాదు, పిల్లల హక్కు. కర్ణాటకలో 2021లో బడి పిల్లలకు గుడ్డు పెట్టొద్దని కొందరు మఠాధిపతులు అడ్డుపడ్డారు. మన బడుల్లో గుడ్డు ఉంది. దాన్ని కాపాడుకోవడం కూడా ధమ్మ కార్యమే. మీ ఊరి బడిలో ఆ వరస నిజంగా ఒకే వరసగా ఉందో లేదో ఒకసారి వెళ్ళి చూడండి.

మన ఇంటి బంతి

ఇప్పటిదాకా వేలు బయటికి చూపించాం. దాన్ని ఇంటివైపు తిప్పుదాం. మన ఇళ్ళలో ఆఖరి బంతి ఎవరిది?

వండిన అమ్మది. చెల్లెలిది. కోడలిది. చేప తల, నడుం ముక్క మగవాళ్ళకు వెళ్ళాక, తోకా పులుసూ మిగిలితే వాళ్ళకు. ఊరు మనకు చేసిన దాన్ని మనం గడప లోపల వీళ్ళకు చేస్తున్నాం. గోడ మీద బుద్ధుడి పటం, బాబాసాహెబ్ పటం ఉన్నా సరే, ఆ ఇంట్లో ధమ్మం ఇంకా గడప దాటలేదనే చెప్పాలి.

ఇంకొకటి. మాలలూ మాదిగలూ రెల్లివాళ్ళూ ఒకే విహారంలో త్రిశరణాలు చెబుతాం. ఒకళ్ళింట్లో ఒకళ్ళం మామూలు రోజున, పిలుపు లేకుండా వెళ్ళి అన్నం తింటున్నామా? "వాళ్ళు అది తింటారు" అన్న మాట మన నోటా వస్తోందా లేదా? చర్చికి వెళ్ళే మన చుట్టాలు క్రిస్మస్‌కు పిలిస్తే సంతోషంగా వెళ్తున్నామా, మేం మారిపోయాం అని ముఖం చాటేస్తున్నామా? మన మీద ప్రయోగించిన నీచు అన్న మాటను మనమే పక్కవాడి మీద వేస్తే, దీక్ష తీసుకుని ఏం లాభం?

పైగా బంతి ఒక్కటే చాలదు. 1936లో 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ ఈ సంగతి స్పష్టంగా రాశారు. కలిసి తినడంతో కులం పోదని, కులాంతర వివాహాలే అసలు మందని ఆయన అభిప్రాయం. కలిసి తిని, చెయ్యి కడుక్కుని, సంబంధాలకు మళ్ళీ ఎవరి పేటకు వాళ్ళు వెళ్ళిపోతే బంతి ఒక నాటకమవుతుంది. అయినా బంతిలో పక్కపక్కన కూర్చోలేనివాళ్ళు పెళ్ళిపందిట్లో వియ్యమందుకుంటారా? మొదటి మెట్టు అదే.

ఏం చేద్దాం?

రాబోయే వైశాఖ పున్నమికి విహారంలో భోజనాలు పెట్టేటప్పుడు ఈ పనులు చేసి చూడండి. అందరికీ ఒకే బంతి. ముందు ఆడవాళ్ళూ పిల్లలూ కూర్చోవాలి, మగవాళ్ళు వడ్డించాలి. వంట ఒకే పేటవాళ్ళు కాకుండా అన్ని పేటలవాళ్ళూ కలిసి చెయ్యాలి. మాంసం తినేవాళ్ళూ తిననివాళ్ళూ పక్కపక్కనే కూర్చోవాలి, ఎవరూ ఎవరి ఆకులోకీ తొంగిచూడొద్దు.

మీ ఇంట్లో పెద్దావిణ్ణి కూర్చోబెట్టి పాత వంటలు అడగండి. ఏ చేప ఏ కార్తెలో ఎక్కేది, నత్తల్ని ఎలా కడిగేవారు, వరుగులు ఎన్నాళ్ళు ఎండబెట్టేవారు, అన్నీ రాసిపెట్టండి. గర్వానికని కాదు. ఆ వంటల్లో మనవాళ్ళు బతికిన తీరు ఉంది, అది రాయకపోతే కోనసీమ చరిత్రలో మన పేజీ ఖాళీగా ఉంటుంది. పిల్లలు బడికి ఎండుచేప కూర తీసుకెళ్ళడానికి సిగ్గుపడితే ఆమగంధ సుత్తం కథ చెప్పండి. వాసన చేపకుంటుంది రా, నీచం మాత్రం వెక్కిరించే మాటకుంటుంది అని చెప్పండి. అదే సమయంలో, పప్పన్నం తినే పిల్లాణ్ణి మన పిల్లాడు వెక్కిరించకుండా కూడా చూడండి.

పూతరేకులు కొన్నప్పుడు రేకు తీసిన ఆవిడకు ఎంత గిట్టిందో అడగండి. పంటబోదెల్లోకి మురుగు, మందులు వదిలితే పంచాయతీలో మాట్లాడండి. అది పేదవాడి కూరగిన్నె గురించి మాట్లాడటమే.

ఆళవి అన్న ఊళ్ళో జరిగిన సంగతి మీరు వినే ఉంటారు. ఒక పేద రైతు తప్పిపోయిన ఎద్దును వెతుక్కుని, ఆకలితో అలిసిపోయి, బుద్ధుడి ధమ్మోపదేశం వినడానికి ఆలస్యంగా వచ్చాడు. సభంతా ఎదురుచూస్తోంది. బుద్ధుడు ఉపదేశం మొదలుపెట్టలేదు. ముందు ఆ మనిషికి అన్నం పెట్టించాడు. అతను తిని కూర్చున్నాకే మాట్లాడాడు. ఆకలిని మించిన రోగం లేదని చెప్పాడు. అతని కులమేదో, ఏం తింటాడో ఎవరూ అడగలేదు. ఆ సభలో కూర్చున్న వాళ్ళంతా, ఒక ఆకలిగొన్న మనిషి తినడం అయ్యేదాకా, నిశ్శబ్దంగా ఆగారు.

కోనసీమ అంటే ఏమిటని ఇకమీద ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో మీరే ఆలోచించుకోండి. పులసనూ చెప్పండి, పరిగెనూ చెప్పండి. పూతరేకునూ చెప్పండి, చోడి అంబలినీ చెప్పండి. ఆ తర్వాత మా ఇంటికి భోజనానికి రండి అని పిలవండి. వచ్చి మీ పక్కన కూర్చుని తిన్నవాళ్ళతో మిగతా మాటలు మాట్లాడుకోవచ్చు.

భవతు సబ్బ మంగళం. సాధు, సాధు, సాధు.